ప్రభుత్వ సేవ ఫోన్‌లోకి వచ్చింది సరే, అందరూ వాడగలుగుతున్నారా? ‘యూజర్ సెంటర్డ్ డిజైన్’ అంటే ఏంటి?

ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు నింపుతుంటే ‘వివరాలు చెల్లవు’ అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. ఏ వివరమో, ఎందుకు చెల్లదో ఉండదు. కొల్లేరు లంక గ్రామాల్లో పని మానుకుని సచివాలయానికి వెళ్లిన మనిషికి దాని ఖరీదు ఒక రోజు కూలి. పిల్లల స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడితే నష్టం ఇంకా పెద్దది. చాలాసార్లు లోపం వాడేవారిలో కాదు, ఆ తెరను తయారు చేసిన తీరులోనే ఉంటుంది.

ఏంటీ పద్ధతి?

వాడేది ఎవరు, ఏ పరిస్థితిలో వాడతారు, వారికి ఏ పని పూర్తికావాలి అనేది ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు తెరను రూపొందించడమే యూజర్ సెంటర్డ్ డిజైన్. 1985లో జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అనే పరిశోధకులు దీనికి మూడు సూత్రాలు చెప్పారు. మొదటి నుంచీ వాడేవారిపై దృష్టి పెట్టాలి. వారితో వాడించి, ఫలితాన్ని కొలవాలి. దిద్దుతూ మళ్లీ పరీక్షించాలి.

మన దగ్గర ఎలా జరిగింది?

ఏలూరు, తాడేపల్లిగూడెం ఒకే జిల్లాలో ఉన్న 2002లో పశ్చిమ గోదావరి యంత్రాంగం గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు తెరిచింది. వాటి నిర్వహణలో మహిళా స్వయం సహాయక సంఘాలకు చోటిచ్చింది. కంప్యూటర్ తెలియని వారికి తెలిసిన మనిషే దారి చూపారు.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ను తొలి విడతగా 161 సేవలతో వాట్సాప్‌లో ప్రారంభించింది. కొత్త యాప్ నేర్చుకోనక్కర్లేదు, అలవాటైన చోటే పని జరుగుతుంది. అయితే వాట్సాప్‌లో పెట్టినంత మాత్రాన సరిపోదు. లోపల అడిగే ప్రతి ప్రశ్నా అర్థం కావాలి.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

1. చూడండి: చేపల చెరువు గట్టున తడి చేతులతో, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఎండలో ఫోన్ ఎలా వాడుతున్నారో గమనించండి. ఆధార్‌కు లింకైన నంబరు ఊళ్లో లేని కొడుకు దగ్గర ఉంటే ఓటీపీ అక్కడికే వెళ్తుంది. ఇలాంటివి ఆఫీసులో కూర్చుంటే తెలియవు.

2. కాగితంపై గీయండి: ఒక్కో తెరను ఒక్కో కాగితంపై వేయండి. కోడ్ రాశాక మార్చడం కన్నా గీత చెరపడం సులువు.

3. ఐదుగురితో వాడించండి: ‘దీనితో ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి’ అని ఇచ్చి, సాయం చేయకుండా చూడండి. ఐదుగురితోనే చాలావరకు లోపాలు బయటపడతాయని నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ ఐదుగురిలో చదువు తక్కువున్నవారు, పెద్దవయసువారు ఉండాలి.

4. దిద్ది, మళ్లీ వాడించండి: ‘వివరాలు చెల్లవు’ బదులు ‘ఆధార్ నంబరుకు 12 అంకెలుండాలి, మీరు 11 రాశారు’ అని వస్తే ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది.

సామాన్యులు ఏం చేయొచ్చు?

ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏ ప్రశ్న దగ్గర ఆగారో సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్‌కు చెప్పండి. ‘పనిచేయట్లేదు’ అంటే ఎవరూ దిద్దలేరు. ‘పుట్టినతేదీ దగ్గర 1960 వరకు వెనక్కి వెళ్లలేకపోతున్నాను’ అంటే ఏం మార్చాలో తయారీదారుకు తెలుస్తుంది.