నీళ్ళ బాయిలర్ చెడితే – గుర్తుపట్టడం, బాగు చేయించుకోవడం



చలికాలం తెల్లవారుజామున మన మారేడుమిల్లిలో చన్నీళ్ళ స్నానం ఎంత కష్టమో ఈ హాస్టలులో ఉన్నవారికీ, ఉండి వెళ్ళినవారికీ వేరే చెప్పనక్కరలేదు. వేడినీళ్ళు లేని రోజు చిన్న తరగతుల తమ్ముళ్ళు ముఖం కడుక్కుని స్నానం అయిందనిపిస్తారు. నాలుగు రోజులు అలా గడిస్తే దురదలు, కురుపులు మొదలవుతాయి. అలాగని చెడిపోయిన బాయిలర్‌ను అలాగే వాడితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం రాయాలని మేము అనుకున్నాము.

ఫ్యాక్టరీలలో ఆవిరి బాయిలర్లకు చట్టం ఉంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం వాటికి తనిఖీలు, సర్టిఫికెట్లు ఉంటాయి. కాని 25 లీటర్ల లోపు పాత్రలు, నీటిని 100 డిగ్రీల లోపు మాత్రమే వేడిచేసేవి ఆ చట్టం కిందికి రావు. అంటే మన స్నానాల గది బాయిలర్‌ను చూడడానికి ఏ బాయిలర్ ఇన్‌స్పెక్టరూ రాడు. వాడుకునే మనమే చూసుకోవాలి. బాయిలర్ ఒక్కసారిగా చెడిపోవడం తక్కువ. ముందుగా ఏదో ఒక గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తులు తెలిస్తే చాలు.

కట్టెల రాగి బాయిలర్

మన ప్రాంతంలో చాలామంది ఇళ్ళలో, హాస్టళ్ళలో చూసినది ఇదే. మధ్యలో పొగగొట్టం, దాని చుట్టూ నీళ్ళు, అడుగున నిప్పులు నిలిచే ఇనుప జాలీ, పక్కన కుళాయి. ఇందులో సాధారణంగా వచ్చే తేడాలు నాలుగు.

1. మంట అందుకోదు, పొగ వెనక్కి కొడుతుంది. గొట్టంలో మసి పట్టిందని, లేదా జాలీ కింద బూడిద నిండి గాలి ఆడడం లేదని అర్థం. బాగా చల్లారాక బూడిద తీసివేసి, పొడవాటి కర్రకు కొబ్బరి పీచు కట్టి గొట్టాన్ని పైనుండి కిందికి తోమాలి. వానాకాలంలో తడి కట్టెలు పెడితే మసి త్వరగా పడుతుంది. కట్టెలు చూరు కింద ఆరబెట్టుకోవడమే దీనికి మందు.

2. కుళాయి కారుతుంది. చాలాసార్లు లోపలి వాషరు అరిగి ఉంటుంది. నీళ్ళు ఖాళీ చేసి కుళాయి విప్పి, అదే సైజు వాషరు వేసి, మరలకు టేపు చుట్టి బిగిస్తే సరిపోతుంది. ఇది పెద్ద తరగతుల విద్యార్థులు నేర్చుకోదగిన పని.

3. అడుగున కారుతుంది. నిప్పు మీద చుయ్‌మని చప్పుడు, బూడిద తడిగా ఉండడం దీని గుర్తులు. నీళ్ళు తక్కువ ఉండగా మంట పెట్టడం దీనికి ముఖ్య కారణం. మన ఊరి బొంగులో చికెన్‌ను గుర్తు తెచ్చుకోండి. పచ్చి బొంగు నిప్పుల మీద ఉన్నా అంత త్వరగా కాలిపోదు. దానిలో తడి ఉన్నంతసేపు ఆ వేడిని తడి తీసుకుంటుంది. తడి ఆరిపోతే బొంగూ మండుతుంది. రాగి బాయిలరూ అంతే. లోపల నీళ్ళు ఉన్నంతసేపు రేకు వేడి 100 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. నీళ్ళు అయిపోతే క్షణాల్లో పెరుగుతుంది. అతుకుల్లో మాటు వేసిన తగరం, సీసం మిశ్రమం 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది. కాబట్టి ఒక బకెట్ నీళ్ళు పట్టుకుంటే ఒక బకెట్ చన్నీళ్ళు పోయాలి. కారుతున్న చోట సిమెంటు, బంక పూయడం వల్ల లాభం లేదు. రాగి పని తెలిసిన వారిచేత మాటు వేయించాలి. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి, రాగి సామాను పనికి పేరు పడిన ఊరు. రాజమండ్రిలోనూ పాత్రల వీధుల్లో అడిగితే ఈ పనివారు దొరుకుతారు. మాటులో సీసం ఉండవచ్చు, రాగికి చిలుము కూడా పడుతుంది. అందువల్ల బాయిలర్ నీళ్ళు స్నానానికే గాని తాగడానికి, వంటకు వాడరాదు.

4. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, లోపల టకటకమంటుంది. ఇది బోరు నీటిలోని సున్నం గార కట్టడం. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు నింపి రాత్రంతా ఉంచి, ఉదయం రెండు మూడుసార్లు కడిగి పారబోయాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ మాత్రం పోయకూడదు. అది గారతో పాటు లోహాన్నీ తినేస్తుంది.

ఇంకొక మాట. పైనున్న గరాటు మూతికి గుడ్డలు కుక్కకూడదు. బొంగు మూతికి ఆకులే పెడతారు గాని బిరడా బిగించరు కదా! ఆవిరికి దారి ఉండాలి.

కరెంటు గీజరు

గీజరుకు లెక్కతోనే పరీక్ష పెట్టవచ్చు. 15 లీటర్ల నీరు 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు రావడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. 2 కిలోవాట్ల గీజరుకు ఇది దాదాపు 21 నిమిషాల పని. కొత్తలో ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసి ఉంచండి. తరువాత అంతకంటే బాగా ఎక్కువసేపు పడుతుంటే ఎలిమెంటుకు గార పట్టిందనో, వోల్టేజి తగ్గిందనో తెలుసుకోవచ్చు.

లైటు వెలగకపోతే ముందు కరెంటు సరఫరా, ఎం.సి.బి. చూడాలి. ఎం.సి.బి. మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే బలవంతంగా పైకి పెట్టకూడదు. లైటు వెలిగినా నీళ్ళు కాగకపోతే ఎలిమెంటు గాని థర్మోస్టాటు గాని పోయి ఉంటుంది. నీళ్ళు మరిగి ఆవిరి వస్తే థర్మోస్టాటు ఆగడం లేదన్నమాట; వెంటనే మెయిన్ ఆపివేయాలి. వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుండి నాలుగు చుక్కలు పడితే అది చెడు కాదు. నీరు వేడికి వ్యాకోచిస్తుంది. 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి పావు లీటరుకు కాస్త తక్కువగా పెరుగుతాయి. ఆ నీరే అలా బయటికి వస్తుంది. ఆగకుండా కారితే వాల్వు మార్చాలి. చుక్కలు పడుతున్నాయని ఆ రంధ్రాన్ని మూసివేయడం చాలా ప్రమాదం. తుప్పు నీళ్ళు వస్తే లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో చూపించాలి. టాంకే కారితే మరమ్మత్తుకు డబ్బు దండగ.

కుళాయి ముట్టుకుంటే చేయి జివ్వుమంటే అదే అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. మెయిన్ ఆపి, ఎవరూ వాడకుండా తలుపుకు కాగితం అంటించాలి. ఎం.సి.బి. ఉంది కదా అని ధీమా పనికిరాదు. గీజరు లైనుకు వాడే 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించి కరెంటు పోతేనే పడిపోతుంది. మనిషి గుండెకు అందులో నూరో వంతు కూడా ప్రాణాంతకం కావచ్చు. మనిషిని కాపాడేవి మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లకే లైను తెంచే ఆర్.సి.సి.బి. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్ళు పోస్తుండాలి. గీజరు కొనేటప్పుడు ఐ.ఎస్. 2082 నంబరుతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడాలి.

రాడ్ హీటరు

గదులు అద్దెకు తీసుకుని చదువుకునే మన పూర్వ విద్యార్థులు ఎక్కువగా వాడేది ఇదే. దీనికి ఐ.ఎస్. 368 ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. ఇనుప బకెట్ వాడకూడదు. నీళ్ళు రాడ్ మీది రెండు గీతల మధ్య ఉండాలి. నీళ్ళలో పెట్టిన తరువాతే స్విచ్ వేయాలి. కాగాయో లేదో చూడాలంటే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడు చేయి పెట్టాలి. రాడ్ పైపు పగిలినా, వంగి చిట్లినా బాగు చేయించే ప్రయత్నం వద్దు, పారవేయండి.

పట్నాలలో గ్యాస్ గీజరు ఉన్న గదుల్లో ఉండేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కిటికీ లేని స్నానాల గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తల తిరిగిందంటే వెంటనే బయటికి రావాలి.

బాగు చేయించడం ఎలా?

మారేడుమిల్లికి మెకానిక్ రంపచోడవరం నుండో రాజమండ్రి నుండో రావాలి. రాజమండ్రి మనకు సుమారు 85 కిలోమీటర్లు. వచ్చినాయన "ఈ సామాను తేలేదు" అని వెళ్ళిపోతే మళ్ళీ వారం ఆగాలి. అందుకని పిలిచే ముందే కంపెనీ, మోడల్ నంబరు, ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, ఏ గుర్తు కనబడింది, ఎప్పటి నుండి అన్నవి కాగితం మీద రాసి ఫోనులో చదివి చెప్పాలి. ఫోటో పంపితే మరీ మంచిది. గ్యారంటీ కార్డు చూడాలి. టాంకుకు, ఎలిమెంటుకు గడువు వేరువేరుగా ఉంటుంది. పని మొదలుపెట్టక ముందే ఖర్చు అడగాలి. మార్చిన పాత సామాను తిరిగి తీసుకోవాలి, రసీదు అడగాలి. గ్యారంటీ ఉండి కూడా చేయకపోతే 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

హాస్టలులో అయితే నోటిమాటతో సరిపెట్టకుండా వార్డెను గారికి తేదీ వేసి రాసి ఇవ్వాలి. "బాయిలర్ పాడైంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "రెండో స్నానాల గది గీజరు కుళాయి షాకు కొడుతున్నది, సోమవారం నుండి వాడడం ఆపినాము" అని రాస్తే ఏం చేయాలో, ఎంత తొందరో చదివినవారికి తెలుస్తుంది. షాకు, ఆవిరి, అడుగు కారడం – ఈ మూడింటికి ఆ రోజే రాయాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎవరికీ మంచిది కాదు.

చివరగా పూర్వ విద్యార్థి అన్నయ్యలకు ఒక మనవి. మీలో ఐ.టి.ఐ. చేసి ఎలక్ట్రీషియన్లుగా స్థిరపడినవారు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు టెస్టరు, మీటరు వెంట తెచ్చుకోండి. భోజనాలకు ముందు ఒక గంట స్నానాల గదుల ఎర్తింగు చూసిపెట్టండి. పక్కన నిలబడి నేర్చుకోవడానికి మేము సిద్ధంగా ఉంటాము.