నిండిన డిస్కు, నిలిచిన కర్మాగారాలు

2023 ఆగస్టు 29న జపాను దేశంలో టొయోటా సంస్థకు చెందిన 14 కార్ల కర్మాగారాలు పని మానుకున్నాయి. భూకంపం రాలేదు, సమ్మె జరగలేదు, విద్యుత్తుకు లోటు లేదు. విడిభాగాల ఆర్డర్లను నడిపించే సర్వర్లు మూగబోయాయి, అంతే. రెండు రోజుల ముందు, నిర్వహణ పనుల్లో భాగంగా డేటాబేసులో పేరుకుపోయిన సమాచారాన్ని తొలగించి సర్దుతూ ఉండగా డిస్కులో చోటు చాలక వ్యవస్థ ఆగిపోయిందని సంస్థ ఆ తరువాత ప్రకటించింది. ప్రత్యామ్నాయంగా ఉంచుకున్న ఏర్పాటు కూడా అదే వ్యవస్థ మీద ఆధారపడినందువల్ల దానికీ అదే గతి పట్టింది. ఎక్కువ చోటున్న సర్వరుకు సమాచారాన్ని తరలించిన తరువాతనే కర్మాగారాలు తిరిగి కదిలాయి.

చెత్త ఎత్తిపోయబోతే చోటు చాలకపోవటం విడ్డూరంగా తోచవచ్చు. ప్రవాస తెలుగు కుటుంబాలలో అర్ధరాత్రి టెలిఫోను మోగగానే కొడుకో కోడలో లేచి కంప్యూటరు ముందు కూర్చోవటం చూసి, "ఇంతకీ ఏమయింది?" అని పెద్దలు అడిగితే, "డిస్కు నిండిపోయింది" అన్న సమాధానం తరచు వినిపిస్తుంది. ఆ చిన్న మాట వెనుక ఉన్న సంగతి ఏమిటో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

చిట్టా, ఆవర్జా

1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళాలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలను దాచుకునేవి. నేడు అరచేతిలో ఇమిడే డిస్కు అంతకు లక్షల రెట్లు దాచగలదు. అయినా అది నిండుతూనే ఉంటుంది. కారణం, సర్వరు ఎన్నడూ ఊరికే కూర్చోదు. పని చేస్తూనే, చేసిన పనికి లెక్క రాసుకుంటూ ఉంటుంది.

మన షావుకార్లు ముందు చిట్టా రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కించేవారు. డేటాబేసులు కూడా సరిగ్గా ఇదే పద్ధతిని పాటిస్తాయి. ఏ మార్పునైనా ముందు చిట్టాలో నమోదు చేసి, ఆ పిమ్మటనే అసలు పుస్తకంలో దిద్దుతాయి. నడిమధ్యలో విద్యుత్తు పోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకోవచ్చు. అయితే తొలగింపు కూడా ఒక మార్పే. పది లక్షల పాత పద్దులు కొట్టివేయాలంటే ఆ కొట్టివేతలన్నిటినీ ముందు చిట్టాలో రాయాలి. దానికి చోటు కావాలి. చోటు లేకపోతే డేటాబేసు అబద్ధపు లెక్క రాయటం కంటే ఆగిపోవటమే మేలనుకుంటుంది. పైగా, కొట్టివేసిన పద్దుల చోటును చాలా డేటాబేసులు వెంటనే డిస్కుకు తిరిగి ఇవ్వవు. రాబోయే పద్దుల కోసం తమ వద్దనే అట్టిపెట్టుకుంటాయి.

చోటు తినేదెవరు?

చాలా సందర్భాలలో దొంగ పెద్ద ఫైలు కాదు, నిదానంగా పెరిగే దినచర్య. సర్వరు మీద నడిచే ప్రతి ప్రోగ్రాము తన దినచర్యను ఒక ఫైలులో రాసుకుంటుంది. దానినే లాగ్ అంటారు. ఒక్కొక్క పంక్తికి 200 బైట్లు, సెకనుకు 100 పంక్తులు అనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు కనుక అది రోజుకు సుమారు 1.73 గీగాబైట్లు. డిస్కులో 100 గీగాబైట్ల ఖాళీ ఉంటే 58 రోజులకు నిండుతుంది. ఏదో లోపం ఏర్పడి ఫిర్యాదుల పంక్తులు పదింతలయ్యాయా, ఆరు రోజులైనా పట్టదు.

లాగ్‌ల తరువాత స్థానం తాత్కాలిక ఫైళ్ళది, ఎవరూ తీసివేయని పాత నకళ్ళది, ప్రోగ్రాము కుప్పకూలినప్పుడు దాని జ్ఞాపకశక్తిని ఉన్నదున్నట్లు దించి పెట్టే ఫైళ్ళది.

వెతికే విధానం

లైనక్స్, యూనిక్స్ వ్యవస్థలలో ఇందుకు రెండు ఆదేశాలు ఉన్నాయి. మొదటిది డీఎఫ్. డిస్కులో ఎంత నిండిందో, ఎంత మిగిలిందో అది చెబుతుంది. రెండవది డీయూ. ఏ అరలో ఎంత సామాను ఉన్నదో కూడి చెబుతుంది. వెతకటం పైనుండి మొదలుపెట్టాలి. అన్నిటికంటే బరువైన అరను తెరిచి, దానిలో బరువైన అరను చూసి, అలా దిగుతూ పోతే నాలుగైదు మెట్లలో అసలు స్థలం దొరుకుతుంది.

కాని అప్పుడప్పుడు ఈ రెండు లెక్కలూ పొసగవు. డిస్కు నిండిందని డీఎఫ్ అంటుంది. అంత సామాను లేదని డీయూ అంటుంది. ఇందులో మాయ లేదు. యూనిక్స్ పద్ధతిలో ఫైలును తొలగించటమంటే జాబితాలో దాని పేరు కొట్టివేయటమే. ఆ ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి ఉంచితే, చోటు ఖాళీ కాదు. వీధి గుమ్మం మీద పేరు పలక తీసివేసినంత మాత్రాన లోపల కాపురమున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్లు కాదు కదా! పలకలు లెక్కపెట్టే డీయూకు ఆ ఇల్లు కనిపించదు. ఇళ్ళు లెక్కపెట్టే డీఎఫ్‌కు కనిపిస్తుంది. ఆ ప్రోగ్రామును ఆపి మళ్ళీ నడిపిస్తే చోటు విడుదలవుతుంది. అందువల్లనే, నడుస్తున్న లాగ్ ఫైలును తొలగించటం కంటే దానిలోని రాతను ఖాళీ చేయటం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఒక్కొక్క ఫైలుకు దాని వివరాలు రాసే ఐనోడ్ అనే గడి ఒకటి కావాలి. కొన్ని రకాల ఫైలు వ్యవస్థలలో ఈ గడుల సంఖ్య మొదటనే నిర్ణయమైపోతుంది. లక్షలాది చిట్టి ఫైళ్ళు పుట్టుకొస్తే, ఊరిలో పొలం మిగిలి ఉన్నా కరణంగారి దస్త్రంలో పేజీలు అయిపోయినట్లు, గీగాబైట్లు ఉండగానే "చోటు లేదు" అన్న జవాబు వస్తుంది.

ఫైళ్ళ సంఖ్యే ముంచిన ఉదంతం ఒకటి అంగారక గ్రహం మీద జరిగింది. 2004 జనవరిలో అక్కడ దిగిన స్పిరిట్ శకటం మూడు వారాలు తిరక్కుండానే, 21వ తేదీన, సరైన సమాధానాలివ్వటం మానివేసింది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్ళు ఎక్కువై, వాటి జాబితాను నిర్వహించటానికే పని చేసే జ్ఞాపకశక్తి చాలలేదు. కంప్యూటరు లేవటం, జాబితా చదవబోయి పడిపోవటం, మళ్ళీ లేవటం - ఇలా 60 సార్లకు పైగా జరిగింది. ఫ్లాష్ మెమరీని ముట్టుకోకుండా మేలుకోవలసిందని భూమి మీది ఇంజనీర్లు ఆదేశం పంపి, అనవసరమైన ఫైళ్ళను తొలగించారు. ఫిబ్రవరిలో ఆ మెమరీని పూర్తిగా చెరిపి, కొత్తగా తీర్చారు. 90 రోజుల కోసం నిర్మించిన ఆ శకటం 2010 మార్చి వరకు భూమితో మాట్లాడింది.

ఏది తీయాలి, ఏది తీయరాదు?

మళ్ళీ తయారు చేసుకోగలిగినవాటిని ముందు తీయాలి: తాత్కాలిక ఫైళ్ళు, దిగుమతి చేసుకున్న ప్రోగ్రాముల మూటలు మొదలైనవి. తరువాత పాత లాగ్‌లను కుదించాలి. రాత ఫైళ్ళలో ఒకే మాటలు పదే పదే వస్తాయి కనుక అవి పదోవంతుకు తగ్గటం మామూలే. ఆపైన, అరుదుగా అవసరపడేవాటిని వేరొక డిస్కుకు తరలించాలి. అక్కడి నకలు తెరుచుకుంటున్నదని చూసుకున్నాకనే మొదటిదాన్ని తీయాలి.

ముట్టుకోకూడనిది డేటాబేసు చిట్టా. చూడటానికి అది లాగ్ లాగానే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు పేరులో కూడా లాగ్ అని ఉంటుంది. తొందరలో దానిని తుడిచివేస్తే చోటు దొరుకుతుంది గాని, ఆవర్జా పాడవుతుంది. కర్మాగారం ఒక రోజు ఆగితే మరునాడు నడుస్తుంది. పోయిన లెక్క తిరిగి రాదు.

ఇల్లలకగానే పండుగ కాదు. లాగ్‌లను రోజూ మడిచి, పాతవాటిని తీసివేసే ఏర్పాటు ఉండాలి. నూటికి 80 వంతులు నిండగానే హెచ్చరిక రావాలి. లైనక్స్‌లోని ఎక్స్‌ట్ వర్గపు ఫైలు వ్యవస్థలు నూటికి 5 వంతులు నిర్వాహకుడి కోసం మామూలుగా అట్టిపెడతాయి. మిగిలినవారికి చోటు లేనప్పుడు కూడా ఆయన లోపలికి వెళ్ళి సర్దటానికి ఆ కాస్త జాగా పనికివస్తుంది.

ఈ నియమాలు ఇంటికీ వర్తిస్తాయి. చేతి ఫోను నిండినదని పిల్లలు ఫొటోలు తుడిచివేస్తూ ఉంటారు. ఫోనులోనూ దూరపు సర్వరులోనూ ఒకే జాబితాను జతపరిచి ఉంచే సేవలలో, ఇక్కడ తుడిచినది అక్కడ కూడా పోతుంది. రెండు చోట్ల కనిపించినంత మాత్రాన రెండు నకళ్ళు ఉన్నట్లు కాదు. బామ్మగారి చివరి సంక్రాంతి ఫొటోను తుడిచేముందు, ఆ జాబితాతో సంబంధం లేని మరొక డిస్కులో దాని నకలును ఒకసారి తెరిచి చూడటానికి అర నిమిషం చాలు.