కొసముడి పడని నవల

హైదరాబాదు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ వరకు గల వీధులు శిక్షణ సంస్థలకు, విద్యార్థుల వసతిగృహాలకు పేరుపొందినవి. జిల్లాలనుండి వచ్చి అక్కడ పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులలో, భాష మెరుగుపడుతుందని ఇంగ్లీషు నవలలు చేతబట్టేవారు కలరు. అట్టి పాఠకుడు లావుపాటి నవలను నిఘంటువు సాయంతో కడదాకా చదివి, కథలోని కొసలు కలియకపోతే నిందను తనమీదనే వేసుకొంటాడు. తన ఇంగ్లీషు చాలక అర్థం కాలేదనుకొంటాడు. ఆ నింద అన్నివేళలా న్యాయమైనది కాదు.

ఇందుకు చక్కని ఉదాహరణ అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్ వ్రాసిన ‘బ్రేకింగ్ డాన్’. రక్తం త్రాగి బ్రతికే పిశాచజాతి యువకునికీ ఒక మానవకన్యకూ నడచిన ప్రణయగాథగా, 2005లో ‘ట్వైలైట్’తో మొదలైన నవలామాలికలో ఇది నాల్గవది. 2008 ఆగస్టు 2న వెలువడి, అమెరికాలో తొలి 24 గంటలలోనే 13 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. వెనువెంటనే అసంతృప్తి కూడా బయలుదేరింది. ఇంగ్లీషు మాతృభాషగా గల అభిమానులే కొందరు పుస్తకాన్ని అంగడికి తిరిగి ఇచ్చివేద్దామని ప్రచారం సాగించారు.

ఆ నిరాశకు కారణాలు గ్రంథంలోనే ఉన్నవి. నాయిక బెల్లా కుటుంబాన్ని శిక్షించడానికి ఇటలీనుండి పిశాచ పాలకులు సేనతో వస్తారు. వారికి ఎదురు నిలువడానికి ఈజిప్టు, ఐర్లండు, రుమేనియా, అమెజాన్ ప్రాంతాలనుండి సాక్షులు తరలివస్తారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క శక్తి. తీరా మంచుమైదానంలో వాదం జరుగుతుందే గాని యుద్ధం జరుగదు. కూతురిని తప్పించడానికి బెల్లా రహస్యంగా చేయించిన దొంగపత్రాలతో పని పడదు. తోడేలు గణంలోని ఏకైక స్త్రీ, ప్రియుని కోల్పోయిన లేయా గతి ఏమైనదో కథ చెప్పదు. 2012లో వచ్చిన చలనచిత్రంలో ఆ పోరాటాన్ని ఒక భవిష్యద్దర్శనంగానైనా చూపించవలసివచ్చింది.

యుద్ధం లేకపోవడమే దోషమా? కాదు. ఈ నవలలో షేక్స్పియరు ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ ప్రస్తావన ఉన్నది. అక్కడ కూడా కత్తి నూరడమే గాని కోయడం లేదు. అయితే పోర్షియా చూపిన పరిష్కారం షైలాకు పత్రంలోనే దాగి ఉన్నది: మాంసమని వ్రాసుకొన్నాడు, రక్తమని వ్రాసుకోలేదు. మేయర్ కథలోనో, పాలకుల వాదాన్ని ఖండించే సాక్షి నహుయెల్ చివరి ఘట్టంలోనే పాఠకుని కంటపడతాడు. అక్కడ ఔరా అనిపిస్తుంది. ఇక్కడ ఇంతేనా అనిపిస్తుంది.

ఈ తారతమ్యం తెలుసుకొనడానికి తెలుగు విద్యార్థి దూరం పోనక్కరలేదు. సోమదేవుడు 11వ శతాబ్దంలో ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన బేతాళకథలనే రిచర్డ్ బర్టన్ 1870లో ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ అనే పేరుతో ఇంగ్లీషులో ప్రకటించాడు. ‘చందమామ’ ద్వారా తెలుగు బాలబాలికలకు ఆ బేతాళుడు చిరపరిచితుడు. ప్రతి కథ చివరా అతడొక చిక్కుప్రశ్న వేస్తాడు. రాజు కథలోని ఆధారాలతోనే జవాబు చెబుతాడు. చిట్టచివరి ప్రశ్నకు రాజు మౌనం వహిస్తాడు. అయినా కథ తెగిపోదు. ఆ మౌనానికి మెచ్చియే బేతాళుడు భిక్షువు కపటాన్ని బయటపెడతాడు. కావున జవాబు లేని ప్రశ్న వేరు, రచయిత మరచిపోయిన ప్రశ్న వేరు.

ఉపాధ్యాయులు తరగతిలో ఏ నవలనైనా ముగించిన పిదప మూడు ప్రశ్నలు వేయించవచ్చును. ఈ పాత్ర ఎందుకు వచ్చింది? కూర్చిన సన్నాహం ఏ పనికి వచ్చింది? పరిష్కారం కథలోనుండి పుట్టిందా, వెలుపలినుండి వచ్చిందా? వీటికి పుటలు చూపి సమాధానం చెప్పగలిగిన విద్యార్థి, పుస్తకం నచ్చలేదని చెప్పడానికి జంకనక్కరలేదు. అతని ఇంగ్లీషు చాలినంత ఉన్నదనడానికి అదే తార్కాణం.