ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌తో ల్యాప్‌టాప్‌లో ఓఎస్ వేయడం: 931 జీబీ రెండుచోట్ల కనపడితే ఆగండి

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, పెన్‌డ్రైవ్ లేదు, సినిమాల హార్డ్ డిస్క్ ఉంది, దాంతోని అయితదా?" అని. అయితది. కానీ మాటల్లో చెప్తే బటన్ల పేర్లు గుర్తుండవు, అందుకే రాస్తున్నా. నేను కంప్యూటర్ చదువు చదవలేదు. జగిత్యాల దిక్కు ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని, ఇప్పుడు దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. క్యాంపులో ల్యాప్‌టాప్ మొరాయిస్తే నా రూముకు తెస్తారు, అట్లా నేర్చుకున్నదే ఇదంతా.

ఈ పని ఇప్పుడు ఎందుకు ఎక్కువైందంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. బర్ దుబాయ్ ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డులో మనవాళ్ళు కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా పాతవి. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. అంతకన్నా పాతదైతే లైనక్స్ మింట్ వేసుకోమని చెప్తా. యూట్యూబ్, పిల్లలతో వీడియో కాల్, బ్యాంకు వెబ్‌సైట్, అన్నీ నడుస్తాయి.

ముందు నా తప్పు చెప్తా.

2022లో ఒక ఆదివారం. రూమ్‌లో నిజామాబాద్ తమ్ముడి ల్యాప్‌టాప్‌కి విండోస్ వేయాలి. నా ల్యాప్‌టాప్‌కి నా హార్డ్ డిస్క్ పెట్టిన. వాడి ఫైళ్ళు ముందు కాపీ చేద్దామని వాడి హార్డ్ డిస్క్ కూడా పెట్టిన. రెండూ నల్లవే, రెండూ 1 టీబీ. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచిన. అది మామూలుగా హార్డ్ డిస్క్‌లను లిస్టులో చూపించదు, పెన్‌డ్రైవ్‌లనే చూపిస్తుంది. ఇట్లాంటి ప్రమాదం జరగొద్దనే అట్లా పెట్టారు. నేను తెలివిగా 'లిస్ట్ యూఎస్‌బీ హార్డ్ డ్రైవ్స్' అన్న చోట టిక్ పెట్టిన. లిస్టులో రెండు వచ్చాయి. "మొత్తం డేటా పోతుంది" అని హెచ్చరిక కూడా వచ్చింది. ఓకే కొట్టిన.

పోయింది వాడి డిస్క్. అందులో కూతురి మొదటి పుట్టినరోజు ఫొటోలున్నాయి. వాళ్ళ నాయన 2020 ఏప్రిల్‌లో పోయిండు. అప్పుడు విమానాలు లేవు, వాడు ఊరికి పోలేదు. ఊర్లో ఎవరో తీసి పంపిన అంత్యక్రియల వీడియో ఆ డిస్క్‌లోనే ఉంది. ఫోన్ మార్చినప్పుడు ఫోన్‌లోది పోయిందట. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీ తీ అన్నా" అని బయటికి పోయి కూర్చున్నడు.

ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు రాత్రులు వెతికినం. ఫొటోలు చాలావరకు దొరికాయి, కానీ పేర్లు లేవు, తేదీల వరుస లేదు, అన్నీ ఏవో అంకెలు. వీడియో దొరికింది గాని తెరుచుకోలేదు. ఎందుకంటే ఆ డిస్క్ మీద అప్పటికే అయిదారు జీబీల విండోస్ ఫైళ్ళు రాసేసింది. ఫార్మాట్ అయిన డిస్క్‌లో పాత డేటా వెంటనే చెరిగిపోదు, దాని మీద కొత్తది రాస్తేనే పోతుంది. మీకూ ఇట్లా అయితే ఆ క్షణమే డిస్క్ పీకండి, ఒక్క ఫైలు కూడా ఎక్కించకండి. దొరికిన ఫైళ్ళను వేరే డిస్క్‌లోకే తీయండి.

ఇప్పుడు పద్ధతి. డిస్క్‌లో ఉన్నదంతా ముందు వేరేచోటికి కాపీ చేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌కి ఆ ఒక్క డిస్క్ తప్ప ఇంకేదీ పెట్టొద్దు. బోర్డు మీద చెయ్యి పెట్టే ముందు ఐసోలేటర్ ఆఫ్ చేసి టెస్టర్ పెడతాం కదా, అంతే. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని, 500 జీబీది 465 అని కనపడుతుంది. లోపలి డిస్క్, బయటి డిస్క్ రెండూ ఒకే సైజువైతే అంకె చూసి గుర్తుపట్టలేరు. అందుకే బయటిదానికి ముందే ఒక పేరు పెట్టండి.

చాలామంది ఐఎస్‌ఓ ఫైలును సినిమా కాపీ చేసినట్టు డిస్క్‌లో వేసి, బూట్ కావట్లేదంటారు. కాదు మరి. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే డిస్క్‌లో ఒక చిన్న బూట్ ఫైలు కోసం వెతుకుతుంది, అది ఫ్యాట్ రకం పార్టిషన్‌లో ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్‌లో ఒక ఫైలు ఆ హద్దు దాటుతుంది. ఈ చిక్కు తీర్చడానికే వెంటాయ్ ఉంది. అది డిస్క్‌ను రెండు ముక్కలు చేస్తుంది: 32 ఎంబీల చిన్న బూట్ ముక్క, మిగతాదంతా మామూలు ముక్క. 'ఇన్‌స్టాల్' కొట్టగానే డిస్క్ ఖాళీ అవుతుంది, రెండుసార్లు అడుగుతుంది, రెండుసార్లూ చదవండి. తర్వాత నిజంగానే సినిమా కాపీ చేసినట్టు ఐఎస్‌ఓలు వేసుకోవచ్చు. విండోస్ 11 ఒకటి, మింట్ ఒకటి, పక్కన పాటలు, సినిమాలు కూడా. తర్వాత వెంటాయ్ కొత్త వెర్షన్ వస్తే 'అప్‌డేట్' కొట్టండి, ఫైళ్ళు పోవు. మళ్ళీ 'ఇన్‌స్టాల్' కొడితే పోతాయి.

డిస్క్‌ను నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి, హబ్ వద్దు, పొడవు కేబుల్ వద్దు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. తిరిగే డిస్క్‌కి కరెంటు చాలకపోతే టిక్ టిక్ అని ఆగిపోతుంది. సైటులో సన్న కేబుల్ దూరం లాగితే వోల్టేజ్ పడిపోయినట్టే.

ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎక్కువగా ఎస్కేప్ కీ కొడుతూ ఉండండి. బూట్ మెనూ వస్తుంది. సెక్యూర్ బూట్ ఉంటే వెంటాయ్ మొదటిసారి నీలం తెర చూపించి కీ నమోదు చేయమంటుంది, ఒక్కసారి చేస్తే చాలు. బయోస్‌లో ఏదైనా మార్చే ముందు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి.

డిస్క్ ఎంచుకునే తెర వచ్చినప్పుడే అసలు ప్రమాదం. అక్కడ బయటి డిస్క్ కూడా లిస్టులో ఉంటుంది. పార్టిషన్ 'డిలీట్' కొట్టే ముందు పేరు, సైజు రెండూ చూడండి. లోపలి డిస్క్ అసలు కనపడకపోతే భయపడొద్దు, పదకొండో జనరేషన్ నుంచి కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇవ్వాలి. దాన్ని ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ముందే అదే డిస్క్‌లో వేసి ఉంచుకోండి.

ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' నొక్కండి. అదే ల్యాప్‌టాప్‌లో ముందు అసలు విండోస్ 10 గాని 11 గాని ఉండి, ఇప్పుడు అదే ఎడిషన్ వేస్తే, నెట్ తగలగానే తనంతట యాక్టివేట్ అవుతుంది. వంద దిర్హామ్‌లకు క్రాక్ వేసిచ్చే దుకాణాలున్నాయి. ఆ క్రాక్‌లో ఏముందో వేసినవాడికీ తెలియదు, మనమేమో అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టి ఇంటికి పైసలు పంపుతాం.

ఆ తమ్ముడు ఇప్పుడు అబుదాబి ముసఫ్ఫాలో ఉన్నడు. తెరుచుకోని వీడియో ఫైలు నా దగ్గర ఇంకా ఉంది, రెండు డిస్క్‌లలో పెట్టిన. పాడైన వీడియోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ కొత్తది ఏదన్నా కనపడితే దాని మీద ప్రయత్నిస్తూనే ఉన్నా. మీలో ఎవరికైనా ఆ పని వచ్చుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి.