అదితి లోకమున తొలిపరీక్ష

అన్నము వార్చుటకు ముందు మనము ఒక మెతుకు పట్టి చూతుము. ఆ యొక్క మెతుకే కుండెడన్నమునకు సాక్ష్యము చెప్పును. కాని కంప్యూటరు సాఫ్టువేరునకు ఈ న్యాయము చెల్లదు. ఒకరి యింట చక్కగా నడచినది వేరొకరి యింట నిలిచిపోవును. కావుననే క్రొత్త సాఫ్టువేరును అందఱకు విడుదల చేయుటకు ముందు కొందఱకిచ్చి లోపములు తెలిసికొందురు. అట్టి పరీక్షాప్రతికి బీటా యని పేరు. ఇది యింజనీర్ల పని, మనకేల యని సోదరీమణులు కొందఱు తలఁపవచ్చును. అది పొరపాటని విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

సెకండ్ లైఫ్ అనునది అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోనగరమున లిండెన్ ల్యాబ్ అను సంస్థ నిర్మించిన మాయాలోకము. ఈ సంస్థను 1999లో ఫిలిప్ రోజ్‌డేల్ స్థాపించెను. 2003 జూన్ 23వ తేదీన ఆ లోకపు ద్వారములు అందఱకు తెఱవబడెను. తెరపై మనకు మాఱుగా నడచు బొమ్మను అచట అవతార్ అందురు. అది మన అవతారశబ్దమే. ఇండ్లు, తోటలు, వస్త్రములు అచటి నివాసులే చేసికొందురు, అమ్ముకొందురు. లిండెన్ డాలర్లను నిజమైన డాలర్లుగా మార్చుకొనవచ్చును గనుక, దుస్తులు చేసి యమ్ముకొని బ్రదుకువారికి అది వినోదమాత్రము కాదు.

ఈ సంస్థవారు తమ ప్రధానలోకమునకు అగ్ని యనియు, పరీక్షాలోకమునకు అదితి యనియు మన వేదదేవతల పేళ్లు పెట్టిరి. అదితిలో మన సామగ్రికి నకళ్లు మాత్రమే యుండును. అచటి ధనమునకు విలువ లేదు. అచట వస్తువు చెడినను అగ్నిలోని అసలునకు హాని లేదు. అచట చేసినది ఇవతలికి రాదు.

ఇట్టి పరీక్షల ఫలమునకు వస్త్రములే నిదర్శనము. మెష్ అను నిర్మాణవిధానము 2010లో అదితిలో పరీక్షింపబడి, 2011 ఆగష్టులో అగ్నికి వచ్చెను. మెష్ దుస్తులు మడతలతో ముచ్చటగా నుండెను గాని, అవతార్ లావైనను సన్నబడినను దుస్తు మాఱదయ్యెను. చేయువారు ఒక్కొక్క దుస్తును నాలుగైదు కొలతలలో చేయవలసివచ్చెను. తొడుగువారు బట్టను దాటి బయటపడు దేహభాగమును మఱుగుపఱచుకొనవలసివచ్చెను. ఈ బాధ నెఱిగిన నివాసులే యుపాయము కనుగొనిరి: అవతార్ దేహమున తాకిడిని గుర్తించుటకై యుంచిన అదృశ్యభాగములకు వస్త్రమును ముడివేసిరి. సంస్థవారు ఆ యుపాయమును గైకొని 2013లో పరీక్షాప్రతిగా నిచ్చి, 2014లో అందఱకు విడుదల చేసిరి. తొడుగుకొను కష్టము తెలిసినవారి మాటకు ఇంత విలువ గలదు.

మేమును ఒకమారు వేఱొక మాయాలోకపు బీటాలో పాల్గొంటిమి. దాని పేరుతో పనిలేదు. రాత్రులు మేలుకొని మండువాలోగిలి కట్టి, పెరటిలో తులసికోట నిలిపితిమి. మెట్లెక్కునపుడు అవతార్ నేలలోనికి క్రుంగిపోవుచుండగా ఆ లోపమును వ్రాసి పంపితిమి. విడుదలనాడు పరీక్షాకాలపు కట్టడములన్నియు తుడిచివేయబడునని నియమములలో నున్నను మేము చదువలేదు. ఆనాడు చూడగా లోగిలి లేదు, తులసికోట లేదు, బట్టబయలు. కన్నులు చెమర్చినమాట నిజము. కాని ప్రక్కవీథిని క్రొత్తవారెవరో మెట్లెక్కుచుండిరి, ఒక్కరును క్రుంగలేదు. మా యిల్లు పోయెను గాని మా మాట నిలిచెను.

ఈ పనికి పూనుకొను సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. నియమములు ముందుగా చదువుకొనుడు. పాతప్రతిని తీసివేయక, క్రొత్తదానిని వేఱుగా నుంచుకొనుడు. పోగొట్టుకొనలేని వస్తువును పరీక్షకు పెట్టకుడు. లోపము తెలుపునపుడు "ఏదో చెడినది" అని వ్రాయకుడు. ఒంట్లో బాగులేదని మాత్రము చెప్పి యూరకున్నచో వైద్యుడేమి చేయగలడు? ఏ ప్రతి, ఎట్టి కంప్యూటరు, వరుసగా ఏమి చేసితిరి, ఏమి కావలసియుండెను, ఏమయ్యెను, మరల చేసినను అట్లే యగుచున్నదా – ఇన్నియు వ్రాయుడు. బాగుగానున్న దానిని బాగున్నదనియు తెలుపుడు.

ఇంటిల్లిపాదికి వడ్డించుటకు ముందు పులుసు రుచిచూచి, ఉప్పు తక్కువైనదని నిర్మొగమాటముగా చెప్పు నేర్పు మనకు పుట్టుకతో వచ్చినది కాదు, అలవాటుచే వచ్చినది. ఈ పనికి వలసినదియు ఆ నేర్పే.