పశువుల అప్పు ఇచ్చిన పల్లె

జర్మనీ పశ్చిమ భాగాన, వెస్టర్‌వాల్డ్ కొండసీమలో ఫ్లామర్స్‌ఫెల్డ్ అనే చిన్న గ్రామమున్నది. అక్కడికి వెళ్ళినవారు ముందుగా చూడవలసినది రైఫైజెన్ 1848 నుండి 1852 వరకు నివసించిన ఇల్లు. ఇప్పుడది మ్యూజియం.

ఆ రోజులలో అక్కడి బీదరైతులు పశువు కొనాలంటే వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కవలసిందే. బాకీ తీరకపోతే పశువూ పోయేది, పొలమూ పోయేది. మేయరుగా ఉన్న రైఫైజెన్ 1849లో సుమారు 60 మంది కలిగినవారిని కూడగట్టి సహాయ సంఘం పెట్టాడు. వారు ఉమ్మడిగా పూచీ పడ్డారు. సంఘమే పశువులను కొని రైతులకిచ్చి, ఖరీదును వాయిదాలలో వసూలు చేసుకున్నది.

దగ్గరలోనే వైయర్‌బుష్ ఉన్నది. 1846-47 కరువులో ఆయన రొట్టెల బట్టీ పెట్టించి, బీదలకు అరువుపై రొట్టె ఇప్పించిన ఊరది.

తరువాత ఆయన రైన్ నది ఒడ్డున హెడ్డెస్‌డార్ఫ్‌లో మరొక సంఘం పెట్టాడు. కలిగినవారి ఉత్సాహం కొన్నేళ్ళకు చల్లారింది. అందుచేత 1864లో అక్కడ అప్పు తీసుకునేవారే సభ్యులుగా పరపతి సంఘం ఏర్పడింది. అది నిలిచింది. 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ మదరాసు ప్రభుత్వానికి సిఫార్సు చేసినది ఈ పద్ధతినే. 1904లో మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచు వినే మాట: "సంఘం సంగతి సెక్రటరీ గారికే తెలుసండీ." సభ్యులారా, ఇతరులు నడిపే సంఘం వారి ఓపిక ఉన్నంతవరకే. సర్వసభ్య సమావేశానికి రండి, లెక్కలు అడగండి.