మేకవెండ్రుకల గుడారము, గాజు గుడారము

బైబిలు చదివే ప్రతి కుటుంబానికీ గుడారము తెలిసిన మాటే. అబ్రాహాము గుడారములో కాపురమున్నాడు. ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరాలు గుడారాలలోనే పిల్లలను కని పెంచారు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి తన చేతి కష్టముతో బ్రతికాడు. అయితే మన పల్లెల్లో గుడారము అనగానే ఉజ్జీవ కూటాలకు వేసే షామియానాయే మనసులో మెదులుతుంది. నాలుగు గుంజలు, రంగుల గుడ్డ, క్రింద ఒక టార్పాలిన్. ఎడారి ప్రజలు తరతరాలుగా కాపురం చేసిన గుడారము దీనికి చాలా వేరు. దానిని దగ్గరగా చూచే భాగ్యము, దాని ప్రక్కనే ఈ కాలపు యాత్రికుల కోసం సకల సౌకర్యాలతో వేసిన మరొక రకం గుడారములో ఒక రాత్రి పండుకొనే అవకాశము 2023 ఫిబ్రవరిలో మాకు కలిగాయి.

పరిశుద్ధ స్థలాల యాత్రకు మన సంఘాల నుండి వెళ్ళేవారు చాలామంది జోర్డాన్ దేశంలో నెబో కొండ, మాదబా పట్టణం, పెట్రా చూచి ముందుకు సాగిపోతారు. పెట్రా నుండి దక్షిణంగా రెండు గంటలలోపు ప్రయాణం చేస్తే వాదీ రమ్ అనే ఎడారి వస్తుంది. వాదీ అంటే అరబ్బీ భాషలో లోయ. అక్కడికి అకాబా రేవు సుమారు 60 కిలోమీటర్లు. ద్వితీయోపదేశకాండము రెండవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు దాటివెళ్ళిన ఏలతు, ఎసోన్గెబెరు అనే ఊళ్ళు ఆ అకాబా సముద్రపు కొసనే ఉండేవి. వారు సరిగ్గా ఈ లోయలోనే నడిచారని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మనక్కరలేదు. కాని ఇదే ఎండ, ఇలాటి రాయి, ఇలాటి ఇసుక వారెరుగుదురు.

ఇసుక అంటే మన గోదావరి ఒడ్డున ఉండే తెల్లని ఇసుక కాదు. ఇటుక పొడి రాల్చినట్లు ఎర్రగా ఉంటుంది. అందులోనుండి నిలువుగా ఇసుకరాతి కొండలు లేస్తాయి. వాటికి అడుగున నల్లరాయి పొర ఉంటుంది. ఎప్పుడో కురిసిన వాన ఇసుకరాతిలోకి ఇంకి, నల్లరాతిని తాకి ఆగిపోయి, ఆ రెండూ కలిసే చోట ఊటగా బయటికి వస్తుంది. ఆ ఊటలున్నందుననే మనుష్యులు ఇక్కడ 12 వేల సంవత్సరాలుగా తిరుగుతున్నారు. కొండ గోడలపై 25 వేల బొమ్మలు, 20 వేల వ్రాతలు ఉన్నాయని యునెస్కో వారు లెక్క చెప్పి, 2011లో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా చేర్చారు. ఖజలీ అనే ఇరుకు సందులో ఆ బొమ్మలు మేము చూచాము. ఒంటెలు, మనుష్యులు, చిన్న చిన్న పాదముల గుర్తులు. పశువుల కాపరులు కూర్చున్న చోట రాతిమీద గీసుకొనే అలవాటు అన్ని దేశాలలోనూ ఉన్నట్లుంది.

ఇక గుడారాల సంగతి. ఇక్కడి బెదూయిన్లు తమ గుడారాన్ని 'బైత్ అష్షార్' అంటారు, అనగా వెండ్రుకల ఇల్లు. మేకల నల్లని బొచ్చును స్త్రీలు వడికి, నేలమీద పరచిన మగ్గముపై పొడవాటి పట్టీలుగా నేసి, ఆ పట్టీలను ప్రక్క ప్రక్కన కుట్టి కప్పు తయారు చేస్తారు. దీనిని చూడగానే మా అయ్యగారు నిర్గమకాండము 26వ అధ్యాయము తెరిచారు. ప్రత్యక్షపు గుడారముపైన కప్పుటకు మేకవెండ్రుకల తెరలు పదకొండు, ఒక్కొక్కటి ముప్పది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. 35వ అధ్యాయములో ఆ వెండ్రుకలను వడికినది స్త్రీలేనని కూడా ఉంది. ఎన్నోసార్లు త్వరత్వరగా చదివి దాటేసిన ఆ కొలతలు, ఆ నల్లని పట్టీల క్రింద నిలబడినప్పుడు ఒక ఇంటి కప్పు కొలతలుగా కనబడ్డాయి.

ఆ గుడ్డకు ఒక గుణమున్నది. ఎండకాలములో నేత కొంచెము వదులుగా ఉండి గాలి ఆడుతుంది. లోపల నుండి చూస్తే సన్నని రంధ్రాలలోనుండి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. వాన పడగానే దారము ఉబ్బి, రంధ్రాలు మూసుకొని నీరు జారిపోతుంది. మన కురుమలు నేసే గొంగడి కప్పుకొని వానలో గొర్రెలు కాచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

లోపల మధ్యగా ఒక తెర. ఒక ప్రక్క పురుషులు, అతిథులు, కాఫీ కాచే నిప్పు. రెండవ ప్రక్క స్త్రీలు, పిల్లలు, వంట. ఆదికాండము 18వ అధ్యాయములో అతిథులు బయట భోజనము చేయుచుండగా శారా గుడారపు ద్వారమున ఉండి వారి మాటలు విని లోలోపల నవ్వుకున్నదని చదువుతాము. అది చాటుగా వినడము కాదు, ఆ ఇంటి కట్టుబడే అలాటిది. ఇంకొక మాట. గుడారము వేయడము, మేకులు దిగగొట్టడము బెదూయిన్లలో స్త్రీల పని. యాయేలు చేతికి మేకు, సుత్తె అంత సులువుగా ఎలా అందాయో, గురి ఎలా తప్పలేదో మాలోని స్త్రీలకు అప్పుడు బోధపడింది. ఆ సాయంకాలము వారు దీనినిగూర్చి చాలాసేపు మాటలాడుకున్నారు, పురుషులు మాత్రం అంతగా కలుగజేసుకోలేదు.

మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన జలాబియా అనే తెగవాడు. అక్కడ మనిషిని పేరు పెట్టి పిలువరు. పెద్దకొడుకు పేరు చెప్పి 'ఫలానావాని తండ్రి' అంటారు. మన ఊళ్ళలో భార్య భర్తను 'అబ్బాయి నాన్నా' అని పిలిచినట్లే. ఏలకులు వేసిన చేదు కాఫీ చిన్న గిన్నెలో రెండు గుక్కలే పోస్తారు. ఇక చాలు అనుకుంటే గిన్నెను కొద్దిగా ఆడించి ఇవ్వాలి. ఊరకే చేతికిస్తే మరల పోస్తారు. పూర్వము అపరిచితుడు ఎవరు వచ్చినా మూడు రోజులు అన్నము పెట్టి, అటు తరువాతనే ఏ పనిమీద వచ్చావని అడిగేవారట. ఎడారిలో నీరు, నీడ నిరాకరించడమంటే మనిషిని చంపడమే గనుక ఈ ఆచారము మర్యాద మాత్రమే కాదు, అందరి ప్రాణరక్షణ.

ఇప్పుడు ఆ తెగవారిలో అనేకులు రమ్ గ్రామములో సిమెంటు ఇండ్లలో ఉంటారు. వెనుక బెంచీలు బిగించిన టొయోటా ట్రక్కులలో యాత్రికులను త్రిప్పి, రాత్రికి గుడారాలలో పండుకోబెట్టి జీవనము చేస్తున్నారు. ఈ విడిదులలో రెండు తరగతులున్నాయి. మొదటిది నల్లని గుడారము, నేలమీద పరుపు, దూరంగా అందరికీ కలిపి మరుగుదొడ్లు. రెండవది గాజు గుడారము. పెద్ద తెల్లని బుడగవలె ఇసుకలో నిలబడి, ఒక ప్రక్క పైనుండి క్రిందివరకు పారదర్శకంగా ఉంటుంది. పడుకొని నక్షత్రాలు చూడవచ్చు. లోపల మంచము, తివాసీ, ఏసీ యంత్రము, వేడినీళ్ళ స్నానపు గది. ఆకాశములో దూర గ్రహముపై కాపురమున్నట్లు ఉండాలని వీటిని కట్టారు. అంగారక గ్రహము కథతో 2015లో వచ్చిన 'ది మార్షియన్' అనే ఇంగ్లీషు సినిమాకు ఈ ఎర్రని ఇసుకనే చూపించారు మరి.

మాలో అరువది దాటినవారు ఏడుగురు. మోకాళ్ళు వంగనివారు, రాత్రి రెండుసార్లు లేవవలసినవారు. వారి కోసమని రెండవ తరగతి గుడారాలు తీసుకున్నాము. ఇందునుగూర్చి బస్సులోనే చర్చ జరిగింది. యాత్రకు వచ్చినవారికి ఇంత సుఖము దేనికి, ఈ డబ్బుతో మన గుడికి రేకులు వేయవచ్చు గదా అని ఇద్దరు సహోదరులు అన్నారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అయితే మోకాళ్ళ నొప్పి లేని వయస్సులో ఆ మాట అనడము తేలిక అని మాకు తోచింది.

అందరికంటె ఎక్కువగా బాధపడినది మాత్రం మా సంఘములోని ఒక మామ్మగారు. ఆమె చిన్నకొడుకు కువైట్‌లో డ్రైవరు. యాత్రకు డబ్బు పంపినది అతడే. ఆమె గది తలుపు తెరిచి, తెల్లని దుప్పటి పరచిన ఆ మంచము చూచి, లోపలికి అడుగుపెట్టలేదు. "నా కొడుకు ఎనిమిదిమందితో ఒక గదిలో పడుకొని పంపిన డబ్బు అయ్యగారూ ఇది. నేను దీనిమీద ఎలా పడుకోను?" అన్నది. అయ్యగారు వెంటనే జవాబివ్వలేదు. కొంతసేపటికి, "నువ్వు పడుకుంటావనే పంపాడమ్మా" అన్నారు. ఆమె అవునని గాని కాదని గాని అనలేదు.

రాత్రి భోజనము 'జర్బ్'. ఇసుకలో గొయ్యి తవ్వి, నిప్పులు పోసి, మాంసము, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు అంతస్తుల పళ్ళెములలో దింపి, మూతవేసి పైన ఇసుక కప్పుతారు. కొన్ని గంటల తరువాత తీస్తే ఎముకనుండి మాంసము వేళ్ళకే ఊడి వస్తుంది. కారము లేదని మావాళ్ళు సంచులలోనుండి ఆవకాయ తీశారు. పెద్దాయన ఒక ముక్క రుచి చూచి మూడు గ్లాసుల నీళ్ళు త్రాగాడు.

గిన్నెలు కడుగుతున్న యువకుడు ఐగుప్తు దేశస్థుడు. జోర్డాన్‌లో ఇలాటి పనులకు ఆ దేశమునుండి ఎందరో వస్తారు. అతని కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పచ్చబొట్టు కనిపించింది. ఐగుప్తులోని కాప్టిక్ క్రైస్తవులు చిన్నతనములోనే పిల్లలకు ఆ గుర్తు వేయిస్తారు. మామ్మగారు దానిని చూచి అతని చేయి పట్టుకున్నది. అతనికి తెలుగు రాదు, ఆమెకు అరబ్బీ రాదు. తన చేతిమీది పచ్చబొట్టు చూపించి ఏదో చెప్పింది. అతడు ఫోనులో తన తల్లి ఫోటో చూపించాడు. తరువాత ఆమె పెద్దాయన దగ్గరకు వచ్చి, కువైట్ ఏ దిక్కున ఉందని అడిగించింది. ఆయన లేచి నిలబడి తూర్పువైపు చేయి చాపి చూపించాడు. ఈ ఎడారే సౌదీ మీదుగా అక్కడివరకు సాగిపోతుందని చెప్పాడు. ఆమె ఆ దిక్కుకు తిరిగి నిలబడి ప్రార్థన చేసుకున్నది. ఆ రాత్రి ఆమె మంచముమీదనే పండుకొన్నదని ప్రక్క గదివారు చెప్పారు.

చలి విపరీతము. నిప్పు ప్రక్కన కూర్చొని పైకి చూస్తే గొల్లకావడి నడినెత్తిన, దానికి కొంచెము పడమరగా పిల్లలకోడి. యోబు గ్రంథము 38వ అధ్యాయములోని మృగశీర్షము, కృత్తికలు ఇవే. దీపాల వెలుగు లేనందున మధ్యలో నల్లని ఖాళీ అంటూ లేదు. ఇందుకు గాజు గోడ అవసరము లేదని, బయటకు వస్తే చాలునని ఆ ఇద్దరు సహోదరులు మరొకసారి గుర్తుచేశారు.

మమ్మును తొలిచినది డబ్బు సంగతికంటె నీళ్ళ సంగతి. వేడినీళ్ళ కుళాయి తిప్పగానే ధార వచ్చింది. జోర్డాన్ ప్రపంచములో నీటి కరువు అత్యధికముగా ఉన్న దేశాలలో ఒకటి. రాజధాని అమ్మాన్‌లో ఇండ్లకు సాధారణంగా వారానికొకసారి నీళ్ళు వదులుతారు, మేడలమీద తొట్లలో నింపుకొని పొదుపుగా వాడుకుంటారు. ఆ నీళ్ళలో పెద్ద భాగము ఈ ఇసుక క్రిందినుండే పోతున్నది. దీసీ అనే ఈ ప్రాంతపు భూగర్భ జలమును 2013 నుండి 325 కిలోమీటర్ల గొట్టముద్వారా, ఏటా 10 కోట్ల ఘనపు మీటర్ల చొప్పున అమ్మాన్‌కు తోడుతున్నారు. వేల సంవత్సరాల క్రిందట, ఈ దేశము పచ్చగా ఉన్న కాలములో ఇంకిన నీరది. తీసినది తిరిగి నిండదు. మన దగ్గర బోరు ఎండితే మంచి వాన కోసం ఎదురుచూస్తాము. అక్కడ ఆ ఎదురుచూపు కూడా లేదు. సంఖ్యాకాండము 20వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఎదోము రాజుకు కబురంపి, మా పశువులుగాని మేముగాని నీళ్ళు త్రాగినచో వెల ఇస్తామని బ్రతిమాలితే అతడు దారి ఇవ్వలేదు. కఠినుడనుకునేవాళ్ళము. ఆ ఎండలో నిలబడి ఆలోచిస్తే, లక్షలమంది దాహముతో వస్తుంటే బావులున్నవాడు ఎందుకు భయపడ్డాడో అర్థమైంది.

తెల్లవారి రొట్టె, శనగల ముద్ద, మన వడలవంటి ఫలాఫెల్ తిని బయలుదేరాము. దారిలో తెల్లని పూలు పూసిన ఒక పొదను ట్రక్కు నడిపే అబ్బాయి చూపించి 'రతమ్' అన్నాడు. హెబ్రీలో రోతెం. ఏలీయా చావు కోరుకొని పండుకొన్నది ఇలాటి చెట్టు క్రిందనే. మన తెలుగు బైబిలులో అక్కడ బదరీవృక్షమని, 120వ కీర్తనలో అదే చెట్టు నిప్పులను తంగేడు నిప్పులని తర్జుమా చేశారు. రెండూ కావు గాని తంగేడు కొంచెము దగ్గర. దాని నీడ చాలా పలుచన. తల పెడితే కాళ్ళు ఎండలో ఉంటాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ విడిదులన్నీ మూతబడ్డాయి. మరల కోలుకొని, మేము వెళ్ళిన సంవత్సరమే నిండుగా నడుస్తుండగా, అక్టోబరులో గాజా యుద్ధము మొదలై యాత్రికులు రావడము మానుకున్నారు. పెట్రాకు వచ్చేవారు 2024లో సగానికి పైగా తగ్గిపోయారు. యుద్ధము తమ దేశములో జరుగకపోయినా నష్టము తమ పొయ్యివరకు వచ్చిందని ఆ పెద్దాయన మా బృంద నాయకునికి కబురు పంపాడు. ఆ ఐగుప్తు యువకుణ్ణి కొన్నాళ్ళకు ఇంటికి పంపివేయవలసి వచ్చిందట. ఈ సంగతి మామ్మగారికి చెప్పగా, వాని పేరేమిటో అడిగి తెలుసుకొని తన బైబిలు వెనుక అట్టలో వ్రాయించుకున్నది. దానిపైన అప్పటికే ఉన్నది ఆమె చిన్నకొడుకు పేరు.